తొమ్మిదో నెంబరు కాగితాలు

పర్లాకిమిడిలో కరెంటు పోయిన ఆదివారం.
పదహారు సాహసాలు మంచమంతా పరుచుకుని
అంచున నేను.
పేర్లుండవు, నెంబర్లే. పాచికలాట కుర్రాళ్లు పెట్టిన పోటీ.
గెలిస్తే కొమ్ముతో చెక్కిన ఇరవై ముఖాల పాచిక.
బిసోయి గారు మూడు పాడుచేసి నాలుగోది చేశాడట,
అదీ పద్నాలుగు వైపుకే ఒరుగుతుందట.

ఒకటో నెంబరు: గుహ. గుహలో గది. గదిలో రాక్షసుడు.
పక్క గదిలో ఇంకో రాక్షసుడు.
రేషను లైనులో ఉన్నట్టు
వీళ్లొచ్చి నరికేదాకా ఎవరి చోట వాళ్లు.
బాబూ, వీళ్లేం తింటారు?
గోడవతల కత్తులు మోగుతుంటే తొంగి చూడరా?
అని రాశాను, పెన్సిలుతో. చెరపడానికి వీలుగా.

నాలుగో నెంబరుకి భాష ఉంది. అదే దాని జబ్బు.
యువరాజు ఏడుపు మూడు పేజీలు.
ఆడేవాళ్లు ఎక్కడ నిలబడాలి నాయనా?
నువ్వే తలుపు తీశావు, నువ్వే లోపలికెళ్లావు,
నువ్వే గడియ పెట్టుకున్నావు.

ఏడు: కొండ కింద మహాసర్పం,
తల ఒడిశాలో, తోక ఆంధ్రాలో.
లేపాలంటే రెండు తాసీల్దారు ఆఫీసుల సంతకాలు.
నవ్వి నవ్వి పొలమారింది.
నవ్వు అయిపోయాక చూస్తే ఆట లేదు.

పన్నెండులో, ఏ పాచిక పడినా అందరూ చచ్చిపోతారు.
ఎవరి మీదమ్మా అంత కోపం?

తొమ్మిది.
నోటుబుక్కులోంచి చింపి దారంతో కుట్టిన కాగితాలు.
బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు కాబోలు,
నేర్చుకున్న అక్షరాలు మధ్యమధ్య అయిపోతున్నాయి.
తాళం దగ్గర ళ గుర్తు రాలేదు.
ఒడియా ళ వచ్చి కూర్చుంది,
మన పంక్తిలో విస్తరేసుకున్న పక్కింటి పిల్లలా
ఏ మొహమాటమూ లేకుండా.

మహేంద్రతనయ ఇసుకలో ఒక తలుపు.
ఎండాకాలమే కనబడుతుంది.
కాపలా ముసలి రాక్షసి. బంగారం అడగదు, కత్తి దూయదు.
"రెండు ఒడ్డుల్లోనూ ఒక్కలా పలికే మాట చెప్పు" అంటుంది.
తప్పు చెబితే చంపదు,
మంచినీళ్లిచ్చి రేపు రమ్మంటుంది.
రేపటికి నది ఒక మూర పెరుగుతుంది.
అడుగున "జవాబు" అని రాసి ఒక గీత.
గీత మీద ఏమీ లేదు.

త్రినాథ్ పట్నాయక్ ఫోను చేశాడు.
"తొమ్మిదికి భాష మార్కులు లేవు మేడమ్.
జవాబు రాయడం కూడా మర్చిపోయింది పిల్లో పిల్లాడో.
అక్షరదోషానికి అర మార్కు, రూలు రూలే."
రూలు రాసింది నేనే.
లెక్కపెట్టాను. నలభై ఒక్క దోషాలు, ఇరవైన్నర మార్కులు.
భాషకి మొత్తం ఉన్నవే పది.
ఆ పిల్ల మాకు పదిన్నర బాకీ.

రాత్రి దోమతెరలో పడుకుని వెతికాను.
నీళ్లు, కాదు. అన్నం, కాదు.
నది! అన్నాను పైకే.
"నొది" అంది లోపల ముసల్ది, గ్లాసు చాపుతూ.
కథ అన్నాను.
"కొథా. రేపు రా."
ముప్ఫయ్యేళ్లుగా ఈ ఊళ్లో రెండూ మాట్లాడుతున్నాను,
రెండు గ్లాసులు తాగాను.

తెల్లారకుండానే వీధిలో ఎవరో ఎవర్నో పిలిచారు
బాబూ, అని.
ఏ భాషలో పిలిచారో తెలియలేదు.
లేచి కూర్చున్నాను.
గీత మీద మాత్రం పెన్సిలు పెట్టలేదు.

తొమ్మిదో నెంబరుకి నా అభిప్రాయం:
గీత అలాగే ఉంచు. ఎవరు రాయమన్నా రాయకు.
భాషకి పది. త్రినాథ్‌తో నేను మాట్లాడుకుంటాను.
లోపం ఒకటి ఉంది, పెద్దదే.
నది రోజుకి మూర పెరుగుతుందన్నావు,
తలుపు ఎన్ని మూరలో చెప్పలేదు.
ఆట నడిపేవాడికి అది కావాలి.
కొలిచి రాయి.