ఏకగ్రీవం

నలభై ప్లాస్టిక్ కుర్చీలు వేశాం.
ఇరవై ముగ్గురొచ్చారు,
అందులో ఒకాయన వాన తగ్గేదాకా.

అల్లిపురంలో ఆ మేడమీది హాలు
పొద్దున కుట్టు శిక్షణ, సాయంత్రం నాటకం.
మూల ముసుగేసుకున్న మిషన్లని కూడా
జనంలోనే కలుపుకున్నాం.

నేను లైటువాణ్ణి.
పద్యనాటకాలకి నీలం, ఎరుపు తిప్పి తిప్పి
ముప్ఫయ్యేళ్లు అట్టకిరీటాలు మెరిపించాను.
ఈవిడకి కిరీటం లేదు.
ఒక కుర్చీ, ఒక తెల్ల దిండుగలీబు,
చేతిసంచీ నిండా షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు.
పేరు యెల్లపు నూకరత్నం.
రేవు ఆఫీసులో స్టెనోగా చేసి దిగిపోయింది.

వస్తూనే అంది:
"నాకు సముద్రమంటే ఇష్టం లేదు."

విశాఖపట్నంలో నిలబడి!
ముందు వరసలో ఒకాయన
తన కన్నతల్లినెవరో అన్నట్టు దగ్గాడు.
"ఉక్కపోత, తుప్పు, బిగుసుకుపోయే తలుపులు.
పెళ్లైన కొత్తలో మా ఆయన అడిగేడు, బీచికెళ్దామా అని.
మీ ఇష్టం అన్నాను.
ఆ ఒక్క మాటకి ముప్ఫై నాలుగేళ్లు
చీరకుచ్చిళ్లలో ఇసక దులుపుకున్నాను."

నవ్వారు. నేనూ నవ్వాను,
గోడమీద ఆవిడ నీడ కాస్త వణికింది.

అప్పుడు దిండుగలీబు తీసి
ఒక్క విదిలింపు విదిల్చింది.
నల్లటి పొడి.
నా వెలుగుదారిలో పడి
కిందికి దిగడానికి దానికి ఏ తొందరా లేదు.
వన్‌టౌన్ డాబాల మీద ఆరేసిన బట్ట
పొద్దుగూకేసరికి ఏ రంగు తేలుతుందో
ఆ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఇది మా దండెం మీది బొగ్గు.
అది అక్కడ ఆరుతున్న పూటే
'పరిసర గృహస్థులకు ఎట్టి ఇబ్బందీ లేదు' అని
ఆఫీసరుగారు చెప్తుంటే రాసుకున్నాను.
ఆయన నోటికన్నా నా పెన్సిలే జోరు.
అడుగున టైపు కొట్టాను:
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.
ఏకగ్రీవం అంటే ఏటి? ఒకటే మెడ.
ఆ గదిలో పద్నాలుగు మెడలున్నాయి.
పదిహేనోది నాది.
వంచుకుని రాస్తంది కదా,
లెక్కకి రాలేదు."

ఇంతలో రేవులో ఓడ కూసింది.
అది నాటకంలో లేదు.
కూత పూర్తయ్యేదాకా ఆగి
కిటికీ వైపు తిరిగి
"అయ్యిందా నీది?" అని అడిగింది.

ఇక పుస్తకాలు తెరిచింది.
ఎవరో చెప్పిన ప్రతి వాక్యం పక్కనా
ఎవరూ చదవలేని గీతల్లో
తన వాక్యమొకటి దాచుకుందట.
'ఈయనకి తెలిసే అబద్ధమాడుతున్నాడు.'
'ఉప్మా పాచిపోయింది, అందరూ తింటున్నారు.'
'ఆ కుర్రాడన్నది నిజం, మళ్లీ అడిగితే బావుణ్ణు.'
చదివింది, చదివింది.
పదిహేడు పుస్తకాలు.
వాన తగ్గినాయన లేచి వెళ్లిపోయాడు.

చప్పట్లయ్యాక
మెట్ల మీద వైరు చుడుతుంటే పక్కకొచ్చింది.
"ఎలాగుంది దాలినాయుడూ?"

'బాగుందమ్మా' నాలిక చివరే ఉంటుంది నాకు.
వెలుగులో నిలబడ్డ ప్రతి రాజుకీ
దాన్నే ఇచ్చి పంపాను.
ఈసారి అది రాలేదు.
"చదవడం సాగిపోయిందమ్మా. మూడు చాలు.
ఇంకోటి, మీరు నీలం వెయ్యమన్నారు గాని
బొగ్గుకి పసుపు పడాల."

ముఖం వాడింది. దాచుకోలేదు.
కాసేపు కింద వీధిలో
నీళ్లు చిమ్ముకుంటూ పోతున్న ఆటోల్ని చూసింది.
తర్వాత తడి మెట్టు మీదే కూలబడి
సంచీలోంచి పెన్సిలు తీసింది.
"పసుపు సరే. ఏ మూడు?"

గాజువాక ఆఖరి బస్సు వెళ్లిపోయింది.
ఉప్మా ఉండాలని నేను,
తీసెయ్యాలని ఆవిడ.
రేపు రెండో ఆట.
ఇంకా తేలలేదు.