పేజీ తిప్పే మనిషి

నవంబరు. డులూత్ ఊళ్ళో కొండ దిగే వీధి చివర
పాత నావికుల సంఘం హాలు.
యాభై కుర్చీలు వేశాం, నలభై మూడు నిండాయి.
మంచు తొక్కుకొచ్చిన బూట్లు
గుమ్మం దగ్గర నీళ్ళోడుతున్నాయి.
సరస్సు మీది గాలి కిటికీ సందులోంచి
టికెట్ లేకుండా వచ్చి వెనక నిలబడింది.

నా పని చిన్నది.
పియానో పక్కన, ఎడమవైపు కూర్చుని
పేజీలు తిప్పడం.
ముప్పై ఒక్కేళ్ళు ఈ వీధుల్లోనే ఉత్తరాలు పంచాను.
ఏ ఇంటి కుక్క కరుస్తుందో,
ఏ ఇంటికి కోర్టు కాగితాలొస్తాయో ఎరుగుదును.
రిటైరయ్యాక మిగిలింది ఈ బొటనవేలి తడి.
లెమ్యుయెల్ గేన్స్ గడ్డం రవ్వంత ఎగరేస్తాడు.
నేను లేచి, పై మూల పట్టుకుని
చప్పుడు కాకుండా తిప్పుతాను.
చప్పట్లప్పుడు నన్నెవరూ చూడరు.
చూడకూడదు కూడా.

మొదట ఎవరో పాత అమెరికన్ స్వరకర్తది
నిదానంగా సాగే క్వార్టెట్.
స్వరానికీ స్వరానికీ మధ్య గోధుమ చేలంత ఖాళీ,
మైలు నడిస్తే గాని ఇంకో ఇల్లు రాదు.
మూడో వరసలో, ఇనుప ఖనిజం రేవులో పనిచేసిన ముసలాయన
మోకాలికి టోపీ తొడిగి నిద్రపోయాడు.
తప్పు పట్టకండి.
నమ్మితేనే గదా నిద్రపోతాం.

తర్వాత లెమ్యుయెల్ రాసిన కొత్తది.
నాలుగు తీగవాద్యాలు, పియానో, డబుల్ బేస్,
డ్రమ్ముల మీద డెల్‌రాయ్, చేతిలో రెండు ఇనుప కుంచెలు.
పేజీల నిండా చీమల బారులు.
ఫిడేళ్ళు ఇస్త్రీ చొక్కాల్లా వస్తుంటే
జాజ్ అడుగు వాటి వెనకే, కాస్త ఆలస్యంగా,
బస్సు వెళ్ళిపోయినా తొందరపడని మనిషిలా.

పదిహేడో పేజీ తిప్పాను.
ఏమీ లేదు.
అయిదేసి గీతలు, వాటి మీద ఒక్క పిట్టయినా లేదు.
పైన పెన్సిల్‌తో
"థోరా, నీ ఇష్టం."

థోరా లిండ్‌గ్రెన్. చెల్లో. అరవై రెండేళ్ళు.
నలభై ఏళ్ళుగా ఇంకొకరు రాసిందే వాయించింది,
పొల్లు పోకుండా.
రిహార్సల్స్‌లో ఈ పేజీ దాటేసేవాళ్ళు.
"ఆ రోజు చూద్దాం" అనేవాడతను.
ఆ రోజు వచ్చి కూర్చుంది.
కమాను గాలిలో ఆగిపోయింది.
చిరునామా లేని కవర్లు చాలా చూశాన్నేను,
ఒక డబ్బాలో వేసి తాళం పెడతాం.
ఆమె ముఖం ఆ డబ్బాలా ఉంది.
గోడలో హీటర్ గొట్టం టక్కుమంది.
దాన్నెవరూ తాళంగా తీసుకోలేదు.

అప్పుడామె, దారి తోచక,
రోజూ పొద్దున్నే చేసే పనే చేసింది.
శ్రుతి చూసుకుంది.
పై తీగ. దాని పక్క తీగ.
రెండూ కలిపి.
బిరడా మీద వేలు, వెంట్రుకవాసి.
స్వరం వంగింది, తడబడింది, నిలబడింది.
ఆ వంపు దగ్గర డెల్‌రాయ్ కుంచె కదిలింది,
పెరట్లో ఎవరో ఆకులు ఊడుస్తున్నట్టు.
బేస్ ఒక్కసారి "ఊఁ" అంది.
ఆమె మళ్ళీ వంచింది, ఈసారి కావాలని.
శ్రోతలు రాకముందే ముగించాల్సిన పని
శ్రోతల మధ్య మొదలైంది.
అట్టడుగు తీగ మోగేసరికి
ముసలాయన కళ్ళు తెరిచాడు.
టోపీ జారిపడింది, తీసుకోలేదు.

ఇక నా సంగతి.
లెమ్యుయెల్ గడ్డం ఎగరేయలేదు.
చేతులు ఒళ్ళో పెట్టుకుని
పక్కింటి వంట వాసన పీల్చేవాడిలా ఉన్నాడు.
నేను సగం లేచి, మూల పట్టుకుని
అలాగే వంగి నిలబడ్డాను.
ఎన్ని ఆవర్తాలో లెక్కపెట్టాలి. పెట్టలేదు.
నడుం పట్టేసింది.
ఆ రాత్రి నన్ను చూసినవాళ్ళుంటే
అప్పుడే చూసి ఉంటారు,
ఏమీ తిప్పకుండా ఉన్నదాన్ని.

తర్వాత కుర్చీలు మడిచాం.
బఠాణీ సూపు, రై రొట్టె.
థోరా గిన్నె వణికి సూపు ఒలికింది.
"ఎంతసేపు వాయించాను?" అంది నన్ను.
తెలీదన్నాను.
టపా మనిషిని, ఎన్నడూ వేళ తప్పినదాన్ని కాను.

పదిహేడో పేజీ పై మూల
నా బొటనవేలి తడికి ముడుచుకుపోయింది.
ఆ రాత్రి దాని మీద పడ్డ రాత
అదొక్కటే.