రెండు నెలల పాత గెలుపు

జాబు వచ్చిన రోజు ఆట లేదు.
ఆశీర్వాదం సారు స్తంభానికి ఆనుకోని కూసుంటాడు,
మేమంతా చుట్టూ మట్టిలో.
పైనుండే కట్టు తారు పీపాది,
గ్రీమ్స్‌పేట కమ్మరి సాగ్గొట్టి ఇచ్చినాడు.
దాని కింద వల లేదు.
వల ఉంటే బంతి పడినట్టు తెలుస్తాది,
లేకపోతే ఇద్దరు పడిందంటారు, ముగ్గురు లేదంటారు.

యుద్ధంలో, అస్సాం కొండల్లో రోడ్డేసేటప్పుడు
సారుకి దొరికిన స్నేహం ఆ ఎల్మర్.
ఒకే బురదలో లారీ నెట్టినారంట.
అంతా అయిపోయినాక సారు చిత్తూరికొచ్చి డ్రిల్లు మాస్టరైనాడు.
ఎల్మర్ ఇండియానా పోయి మళ్ళా కాలేజీలో చేరినాడు,
ఇరవై ఏడేండ్లకి, నెత్తిన జుట్టు పల్చబడినాక,
పంతొమ్మిదేండ్ల పిలకాయల పక్కన నిక్కరేసుకోని.

"ఇండియానా అంటే మనదేనా సార్?" అన్నాడు ఎత్తిరాజులు.
"మనదే ఇంకా మనది కాలేదు గదరా" అన్నాడు సారు.
అది నలభై ఏడు, మామిడి పూత కాలం.

స్కోరు ముందుగా చదవడు ఆయన.
మొదట మంచు. కాలేజీ దావలో మోకాటి లోతు మంచంట.
ఆమీట పేర్లు, మా నోటికి తిరిగేవి కావు.
దొరసామి లేస్తాడు, ఖుద్దూసు లేస్తాడు,
"గెలిచినారా సార్, గెలిచినారా?"
గెలిచుంటే ఎప్పుడో గెలిచుంటారు.
ఓడుంటే ఆ ఓటమికి ఓడలోనే బూజు పట్టుంటాది.
అయినా కాణిపాకం వినాయకుడికి టెంకాయ మొక్కుకునేవాళ్ళం
అయిపోయిన ఆటకి.
దేవుడికి తారీకులతో పనేముందని మా లెక్క.

నేను ఆటగాణ్ణి కాను.
మా నాయన గంగులప్ప తోలు కుట్టేవాడు,
నేను ఆరె పట్టుకోని గీత అవతల.
మూడు రోజులకోసారి బంతి పగిలేది గదా.
లోపల రబ్బరు తిత్తి, పైన మా ఇంటి తోలు,
నోటి కాడ వారు. ఆ వారు నేలకి తగిలిందంటే
బంతి ఎటుపోతాదో బంతికే తెలీదు.
నన్ను తగలకుండా ఒదిగి ఒదిగి పోయే పిలకాయలు
నా కుట్ల మీద పది వేళ్ళూ ఆనిచ్చి పట్టుకునేవాళ్ళు.
నాకు నవ్వొచ్చేది. పైకి నవ్వలా.

ఆఖరు జాబు ఎండాకాలంలో వచ్చింది,
మండీలో బెల్లం కరిగి ఈగలు ముసిరే నెలలో.
నలభై ఒకటి, నలభై. ఓడినారు.
కడాన ఎల్మర్‌కి రెండు బంతులిచ్చినారంట,
అడ్డం ఎవరూ రాకూడదు, గీత కాడ నిలబడి ఏసుకోవాల.
ఒకటి పడింది.
ఒకటి కట్టు మీద రెండు చుట్లు తిరిగి బయటికి దిగింది.
"యుద్ధంలో వణకని చెయ్యి ఆడ వణికింది" అని రాసినాడు.

సారు జాబు మడిచి జోబులో పెట్టుకోని
చానాసేపు మాట్లాడలా.
మళ్ళా లేసి సున్నం గీత కాడికి పోయినాడు.
"ఒరే, ఆ బంతి మనం ఏద్దాం రండి."

ఎత్తిరాజులుది అందనే లేదు.
ఖుద్దూసుది పలకకి కొట్టుకోని ప్రహరీ దాటి పోయింది.
దొరసామి కండ్లు మూసుకోని ఏసినాడు,
దానికి తిట్లు తిన్నాడు.
"ఇంకెవరు?" అన్నాడు సారు, నా దిక్కు చూసి.

ఆరె కింద పెట్టినా.
వారు పైకొచ్చేటట్టు తిప్పి పట్టుకున్నా.
ఏ కుట్టు కాడ బరువుందో
నాకంటే తెలిసినోడు ఆ ఊర్లో లేడు.

పడింది.
వల లేదు, అయినా ఎవరూ లేదన్లా.

చెంగల్రాయలు స్కోరు పుస్తకం తీసి
నలభైని కొట్టేయబోతే సారు చెయ్యి పట్టుకున్నాడు.
"ఆడ పడలేదు. ఈడ పడింది.
రెండూ రాయి."
రాసినాడు. నా పేరు మాత్రం మునెప్ప బదులు
మునప్ప అని రాసినాడు. దిద్దమని అడగలా.

ఆ పొద్దే సారు జవాబు రాసినాడు ఎల్మర్‌కి.
అది చేరేలోపల నేను రాణిపేట తోళ్ళ పనికి పోయినా,
ఆమీట కత నాకు తెలీదు.

ఒకటి చెప్పడం మర్చిపోయినా.
చేతికి తీసుకున్నప్పుడు బంతి వేడిగా ఉన్నింది.
ఎండ అనుకున్నా మొదట.