కూర్చునే వచ్చాను

మాంటెవిడియోలో సాయంత్రం.
సముద్రమంత నది అంచున, గోడ మీద
చోటు కోసం జనం సర్దుకుంటున్నారు.
నేను కూర్చునే వచ్చాను.

తొడకూ చక్రానికీ మధ్య వేడినీళ్ల ఫ్లాస్కు,
ఒళ్లో మాతే కషాయం బుర్ర.
తొణికితే కాళ్లు చెప్పవు,
కళ్లే చూసుకోవాలి.

"పాపం" అంది ఎవరో పర్యాటకురాలు.
ఎవరినో అనుకుని
వెనక్కి తిరిగి చూశాను.

ఎలీదా బుర్ర లాక్కుని
చేపల సంచీ నా ఒళ్లో పడేసి
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది.
"నీకేం, హాయి" అని గొణుగుతోంది.
కాదనను.

కుడి చక్రం కిర్రుమంటోంది,
రేపు నూనె వెయ్యాలి.

ఇంటిదారి ఎత్తు, ఎదురుగాలి.
ఆమె తొయ్యదు, నేను అడగను.
పక్కనే నడుస్తూ
పదేళ్లనాటి తగవు తవ్వి తీస్తుంది.
నేనూ తగ్గను.
ఎత్తు సగమయ్యేసరికి
ఇద్దరికీ ఒకే ఆయాసం.