మళ్లీ అడిగినందుకు

రాయదుర్గంలో పదకొండో అంతస్తు.
ఏసీ ఆపేశారు, సర్వర్ల గదికి తప్ప.
నా తెర మీద వెయ్యి ఫోన్లున్నాయి,
ఒక్కదానికీ ఒళ్లు లేదు.
పగిలిన అద్దం లేదు,
వెనక కవరులో మడిచి దాచిన పది నోటు లేదు.
ఉత్త అంకెలు. తొమ్మిదితో మొదలై
సున్నాల్లో నడుచుకుంటూ పోతాయి.

వీటికి నేనే నిల్వ పోస్తాను.
ఒకదానికి నూరు, ఒకదానికి రూపాయి పావలా,
ఒకదానికి ఏమీ లేదు.
లేనివాడు ఫోన్ చేస్తే ఏమవుతుందో
ముందు చూడాల్సింది అదే, అంటుంది షాయిస్తా,
యాకుత్‌పురాలో రైలెక్కి
టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని వచ్చే షాయిస్తా.

ఎవరు ఎవరికి చెయ్యాలో రాస్తాను.
మూడో నంబరు ఏడో నంబరుకి,
అర్ధరాత్రికి పది సెకన్ల ముందు.
పన్నెండు దాటగానే రేటు మారాలి, కాల్ తెగకూడదు.
రెండు వైపులా ఎవరూ లేని మాట
సెకనుకింతని ఖరీదవుతూ ఉంటుంది.

తర్వాత పరికరం అడుగుతుంది:
జవాబుకి ఎంతసేపు ఆగాలి?
యాభై మిల్లీసెకన్లు.
రాకపోతే?

ఇక్కడ నా వేళ్లు ఆగుతాయి.

పోయిన వానాకాలం గేటు దగ్గర
ఓదెలు నన్ను ఆపాడు.
నీలం చొక్కా, భుజాలు జారేంత పెద్దది.
"మేడం, మీది ఫోన్ల లెక్కల కంపెనీ గదా.
పద్దెనిమిదుండె. తొమ్మిదికి మాట్లాడిన.
కడమ తొమ్మిది యాడ వోయినయ్?"
బర్రె ఈనిందని బామ్మర్ది చెప్తుంటే
పెయ్యనో దున్ననో వినకముందే కట్టయిందట.
నేను నవ్వాను.
ఆ నవ్వు ఇంకా నాలుక మీదే ఉంది.

లాగ్ ఫైళ్లలో మూడో రోజు దొరికింది.
ఆ రాత్రి వాన. లెక్కల పెట్టె జవాబిచ్చింది,
దారిలో ఎక్కడో ఆలస్యమైంది.
ఇవతలిది వినబడలేదనుకొని
అదే ప్రశ్న మళ్లీ అడిగింది.
అవతలిది కొత్త ప్రశ్న అనుకొని
మళ్లీ కోసుకుంది.

కిటికీల ముందు, కౌంటర్ల ముందు
రెండోసారి అడిగితే ఏమవుతుందో
అతనికి ముందే తెలుసు కాబోలు,
నన్ను మళ్లీ అడగలేదు.
నేనే పది నోటు తీసి ఇవ్వబోయాను.
చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.
"నువ్విస్తే నీయి. గుంజుకున్నది ఇయ్యాలె."

టికెట్ రాశాను.
తొమ్మిది రూపాయలకా, అని
మీటింగులో ఎవరో నవ్వారు, అచ్చం నాలాగే.

అందుకే ఈ రాత్రి
ఈ పరికరానికి అబద్ధం నేర్పుతున్నాను.
జవాబు చేతికొచ్చినా రాలేదనమంటున్నాను.
ఒక రెప్ప వాలి లేచేంతసేపు
దాన్ని గుప్పిట్లో పట్టుకొమ్మంటున్నాను.
ఆ పైన అదే ప్రశ్న, అదే గుర్తు,
అక్షరం తేడా లేకుండా మళ్లీ పంపమంటున్నాను.

మొదటిసారి నాదే తప్పు.
ఫైల్లో ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువైంది,
వెయ్యి ఫోన్లూ కలిసి ఒకే నంబరు మీద పడ్డాయి.
"షాదీ ఉందేమో ఆ ఇంట్లో," అంది షాయిస్తా
ఆవలిస్తూ.
రెండున్నరకి అంతా పచ్చ.
పచ్చని చూస్తే నాకు అనుమానం.
చూసుకుంటే ఆలస్యం మీట వెయ్యనే లేదు.

మూడుకి ఒక్క గీత ఎర్రబడింది.
మిగలాల్సింది తొమ్మిది.
మిగిలింది సున్నా.
దొరికావు, అన్నాను పైకే.
తప్పు దొరికితే పొంగిపోయే ఉద్యోగం,
ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేను.

ఈ కేసుకి పేరేమిటని అడిగింది పరికరం.
ప్రాజెక్టు పేరు, అంకె, తేదీ ఉండాలని రూలు.
నేను ఓదెలు అని కొట్టాను.
షాయిస్తా చూసి, డబ్బా మూత పెట్టుకుంది.

గేటు దగ్గర ఇప్పుడు వేరే మనిషి,
ఏజెన్సీ మారింది.
పెయ్యనా దున్ననా, నేనూ అడగలేదు.

ఇక రోజూ మూడింటికి
ఎవరూ ముట్టకుండానే ఇది నడుస్తుంది.
ఓదెలు ఫోన్ చేస్తాడు.
జవాబు ఆలస్యమవుతుంది.
మళ్లీ అడుగుతాడు.