శుభలేఖ కవర్లు

ఒకటో తారీఖు రాత్రి
అన్నాలు తిన్నాక చాప మీద
పెళ్ళి కవర్లు పరుస్తాను.
మూలలకి పసుపు రాసినవి మూడు,
పావురాల బొమ్మవి రెండు,
ఆకుపచ్చది ఒకటి,
జరీ ఊడి వేళ్ళకంటుకునేది ఇంకొకటి.
జోజి కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చి
తుమ్ముకుంటూనే నోట్లు లెక్కపెడతాడు.
అద్దె, కరెంటు, పిల్లాడి బస్సు పాసు పోను
తిండికి ఏడు వేలు.
ఏడు వేలు, ఏడు కవర్లు,
లెక్క భలే కుదిరిందని మొదటి నెల నవ్వాడు.
పదో తారీఖుకి నవ్వడం మానేశాడు.

రత్నకుమారి, శ్యాంసన్‌ల కవర్లో బియ్యం డబ్బులు.
ఆ జంట చుట్టుగుంట దగ్గర టిఫిను బండి పెట్టుకుని
తిట్టుకుంటూనే ఒక ప్లేట్లో తింటారు,
అందుకేనేమో అది నెలంతా నిలబడుతుంది.
భ్రమరాంబ గారి రెండో అమ్మాయి పెళ్ళి, పప్పులు.
ఓనరు గారి మనవరాలి ఓణీల ఫంక్షను, పాలు.
సుభానీ నిఖా కార్డు కోడికూరకి,
అదీ రెండు ఆదివారాలే.
నూనెకి మాత్రం
విడిపోయిన వాళ్ళ కవరు తగిలింది.
పేర్లెందుకులెండి.
ఇరవయ్యో తారీఖు దాటి
ఎప్పుడూ నిలవలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మాటలు ఇలా ఉంటాయి:
“భ్రమరాంబ గారి దగ్గర ముప్పై తీసి
ఓనరు గారికి సర్దాను,
నువ్వు మాత్రం సుభానీని ముట్టుకోకు.”
గోడవతల ఆవిడ ఇది విని
వీళ్ళకి ఊరంతా అప్పులే అనుకుని
వారం రోజులు పంచదార బదులడగలేదు.
అదీ ఒక ఆదాయే.

పొదుపు గురించి పెద్ద మాటలు నాకు రావు.
కొల్లి శారదా మార్కెట్లో
రాత్రి ఎనిమిదింటికి వంకాయలు మెత్తబడతాయి,
అమ్మేవాడి గొంతు కూడా.
పుచ్చు వరకూ కోసేస్తే
మిగతాది మంచిదేనని
నాకు తెలుసు, వాడికి చెప్పను.
గోంగూర ముసలమ్మ దగ్గర మాత్రం బేరం లేదు.
ఆమె కట్ట నా రెండు పిడికిళ్ళకీ అందదు,
ఇంకేం అడుగుతాను?
కందిపప్పులో పెసరపప్పు కలిపిన రోజు
ఇంట్లో అందరికీ తెలుస్తుంది,
ఎవరూ అనరు.
ఈ ఊళ్ళో కొనక్కర్లేనిది కారం ఒక్కటేనట,
వాళ్ళ నాన్న చొక్కా దులిపితే
పచ్చడికి సరిపోతుందని మా పిల్లాడి లెక్క.

పోయిన నెల, పద్దెనిమిదిన,
కవర్లు ముందేసుకుని కూచున్న వేళ
గుమ్మంలో ఆ పిల్ల.
నూనె కవరు పిల్ల.
మళ్ళీ పెళ్ళట, చర్చిలో కాదు,
రిజిస్ట్రాఫీసులో సంతకం, సాయంత్రం భోజనాలు.
కార్డు ఇవ్వబోతూ చాప మీద చూసింది
తన పేరు,
సగం నూనె మరకలో మునిగిపోయి.

నాకు నోట మాట రాలేదు.
దాచనా, తిరగెయ్యనా,
ఏం చేసినా ఇంకా తప్పే.
ఆ పిల్ల వేలితో మరక తడిమి
“దీంట్లో ఏం పెట్టేదానివక్కా?” అంది.
చెప్పాను. ఇరవయ్యో తారీఖు సంగతి కూడా
ఎందుకో ఆగకుండా చెప్పేశాను.
విరగబడి నవ్వింది.
కళ్ళు తుడుచుకుని
కొత్త కార్డు నా చేతిలో పెట్టి
“ఇది కాస్త మందంగానే ఉందిలే, చూడు” అంది.

చదివింపులు ఐదొందల పదహార్లు.
ఆరుగురి దగ్గరా తలా కాస్త అడిగాం,
సుభానీ ఒక ఆదివారం వదులుకున్నాడు.
భోజనాల్లో మా పిల్లాడు
ఆ ఆదివారాన్ని వడ్డీతో సహా వసూలు చేశాడు.

పాత కవరు పారెయ్యలేదు,
పొయ్యి దగ్గర మసిగుడ్డ కింద ఉంది.
నూనె డబ్బులు కొత్తదాన్లోకి మార్చాను.
ఇవాళ ఇరవై ఆరు.
లోపల ఇంకా నలభై రూపాయలున్నాయి.

జోజి పూరీలు అడుగుతున్నాడు.