పదకొండు చొక్కాలు

టీము బస్సు నడిపేది నేనే.
చేపల ఫ్యాక్టరీకి మనుషుల్ని చేరవేసేదీ ఆ బస్సే,
శవం వెనక వెళ్లేదీ అదే.
ఏ సీటుకి ఏ వాసనో కళ్లు మూసుకుని చెబుతాను.

ఎబెర్ ఎచెగోయెన్ దిగిన రోజు
గాలి మనిషిని నిలబడనివ్వలేదు.
"ఇదేనా మైదానం?" అన్నాడు.
"ఇదే. కొండవైపు గోల్‌పోస్టు కాస్త ఒరిగింది," అన్నాను.
నవ్వలేదు. గాలి పీల్చి చూసి,
"మా ఊరు మాంసం. ఇది చేప," అన్నాడు.
ఉరుగ్వేలో వాళ్ల నాన్న
డబ్బాలకు మూతలు బిగించేవాడట,
ఆ ఫ్యాక్టరీయే మూతపడేదాకా.

కాలికి బలపం కట్టుకు తిరిగినవాడు.
పదిహేడేళ్లు, పదకొండు క్లబ్బులు.
ఒరూరోలో ఊపిరందక గీత పక్కనే వాంతి చేసుకున్నాడు.
మలాంగ్‌లో వానాకాలమంతా మోకాలికి ఐసు కట్టుకుని
బెంచీ మీద కూచున్నాడు.
కవాలాలో ఆర్నెల్ల జీతానికి బదులు
ఆలివ్ నూనె డబ్బాలు పుచ్చుకున్నాడు.
ఆయన పని ఒక్కటే:
వచ్చిన బంతిని తలతో అవతలికి నెట్టడం.
పెళ్లిలో కుర్చీలు సర్దేవాడిలా
ఏ ఫొటోలోనూ ఉండడు.
ఒక్కసారి మాత్రం పడింది పేపర్లో,
సొంత గోల్‌లోకి కొట్టుకున్న రోజు.

మా భాష మూడేళ్లకి ముప్పై మాటలు వచ్చింది.
"లోపలికి." "ఇంకా లోపలికి." "నీళ్లు తాగు."
మిగతావన్నీ స్పానిష్ తిట్లు,
ఆడపిల్లలు వాటిని ఉచ్చారణతో సహా నేర్చుకున్నారు.
మా ఊళ్లో ఇచ్చిన అప్పు రాకపోయినా
పైకి కొట్టిన బంతి తిరిగొచ్చి తీరుతుంది, గాలి అలాంటిది.
బతుకంతా బంతిని గాల్లోకి లేపి తిన్నవాడు
వాళ్లకి నేలబారు ఆట నేర్పాడు.

ఆయన సూట్‌కేసు నా బస్సు డిక్కీలోనే ఉండేది.
"గదిలో పెడితే ఉండిపోతాను.
కోచ్‌ని ఎప్పుడు పొమ్మంటారో తెలీదు," అన్నాడోసారి.

సెప్టెంబరులో కొండ అవతలి ఊరితో ఆట.
లీగ్ కాదు, ఊరికే ఆడేది.
జెర్సీల సంచీ పెట్రోలు బంకు దగ్గర మరిచాను.
తప్పు నాదే, చెప్పుకోవడానికేముంది.
ఆయన తిట్టలేదు. డిక్కీ తెరవమన్నాడు.

పదకొండు చొక్కాలు. మడతలు
నాలుగు ఖండాల్లో పడినవి.
సోల్రున్‌కి ఒరూరో ఎరుపు మోకాళ్ల దాకా వచ్చింది.
పోలండు నుంచి వచ్చిన యాగోదా
మలాంగ్ నీలం పట్టుకుని ఎవరికీ ఇవ్వనంది.
వీపు మీద అందరూ ఎచెగోయెన్‌లే,
రెండింటి మీద అక్షరాలు తప్పు.
నలుగురికి నాలుగో నంబరు.
రిఫరీ చాలాసేపు చూశాడు.
"కార్డు ఇవ్వాల్సొస్తే ఎవరి పేరు రాయను?"
"నాదే రాయండి," అన్నాడు, "అలవాటే."

గోలీకి తన స్వెటరుంది. ఒకటి మిగిలింది,
భుజం దగ్గర చిరిగింది, ఎవరూ ముట్టనిది.
ఆ సొంత గోల్ రోజుది.
పొట్ట పట్టకపోయినా
అది తనే తొడుక్కుని గీత పక్కన నిలబడ్డాడు.

ఓడిపోయాం, రెండు ఒకటి.
మేం కొట్టిన ఆ ఒక్కటీ
తొమ్మిది పాస్‌లు నేల విడవకుండా వెళ్లింది.
లెక్కపెట్టాను, డ్రైవర్లకి లెక్క అలవాటు.
ఎరుపు నుంచి నీలానికి, నీలం నుంచి ఆకుపచ్చకి,
ఎచెగోయెన్ నుంచి ఎచెగోయెన్‌కి.
ఆయన అరవలేదు. తల మాత్రం
బంతి వచ్చినప్పుడు వంచినట్టు కొంచెం వంచాడు.

ఉతికి ఇస్తామని ఇళ్లకి పట్టుకెళ్లారు పిల్లలు.
మర్నాడు పొద్దున షిఫ్టు బస్సు నడుపుతుంటే
ఒక్కో ఇంటి తీగ మీద ఒక్కో క్లబ్బు
గాలికి కొట్టుకుంటోంది.

ఇంకా ఎవరూ తిరిగివ్వలేదు.
ఆయనా అడగలేదు.
ఖాళీ సూట్‌కేసు మలుపుల్లో
డిక్కీలో అటూ ఇటూ దొర్లుతుంది,
ఫ్యాక్టరీ వాళ్లు ఆ చప్పుడేమిటంటారు.
బండి పాతదని చెబుతున్నాను.